తెల్ల పట్టె చెట్టు

మార్చి 4

జింకల మేతమడి పడమటి అంచు పని మొదలుపెట్టాం, తమ్ముడు లోవెల్, నేను. మంచు గట్టిపడి ఉంది. బూట్లు దిగబడలేదు.

ఛాతీ ఎత్తున రంపం పెట్టి, కాండంలో మూడింట రెండు వంతులు కోసి ఆపాలి. చెట్టు మూలిగి, మెల్లగా ఒరిగి పడుకుంటుంది. అవతలి బెరడు తెగకూడదు. తెగకపోతే పడుకున్నా బతికే ఉంటుంది, మే నెలకల్లా ఒళ్ళంతా చిగురు వేస్తుంది. ఆ చిగురు కింద జింకలు పడక చేసుకుంటాయి. మేతమడి పక్కనే పడక ఉంటే వెలుగు ఉండగానే మేతకు దిగుతాయి. లేకపోతే మనం వేట మంచెలు దిగి ఇంటికి పోయాక వస్తాయి. మా అంచు పల్చగా ఉందని నాన్న బతికున్నన్నాళ్ళూ సణిగాడు.

పదిహేడు చెట్లు వంచాం. లోవెల్ కోసిన వాటిలో మూడు పూర్తిగా తెగి పడ్డాయి. ముప్పై ఐదేళ్ళుగా రంపం పట్టినవాడు.

"రంపం కొత్తదక్కా. చెప్పినచోట ఆగడం లేదు" అన్నాడు.

"నీ తోడబుట్టినట్టుంది" అన్నాను. నవ్వాడు.

నాన్న తెల్ల రంగుతో పట్టె వేసిన మేపుల్‌ను నేనే వంచాను. ఒక పక్క పుచ్చిపోయింది, వచ్చే గాలివానకు ఎలాగూ పోయేది. లోవెల్ మంచె మీంచి చూస్తే ఆ చెట్టుకు ఎడమ చేతివైపు పొద వెనక మట్టి గట్టు ఉంటుంది. గుండు తప్పినా గట్టులో దిగుతుంది. కుడివైపు గట్టు లేదు. పొద వెనకే మనం నడిచే దారి. పట్టెకు కుడివైపు కాల్చకూడదు. మా ఇంట్లో వేటకు సంబంధించి నాన్న పెట్టిన ఆంక్ష అదొక్కటే. నిజానికి పట్టె మీద రంగు ఉందో లేదో ఎవరూ చూసేవాళ్ళం కాదు. నడుం వంగిన ఆ చెట్టు వాలకమే గుర్తు.

గట్టు అంచున ఉన్న ఓక్‌కు కొత్త పట్టె వేయమని లోవెల్‌కు చెప్పాను. వంగిన మేపుల్ పక్కదే, రెండడుగుల దూరం.

మార్చి 11

పట్టె వేశానన్నాడు. నేను వెళ్ళి చూడలేదు. చర్చిలో ఉపవాసకాలపు సూప్ నా వంతు.

ఏప్రిల్ 30

మడిలో క్లోవర్ చల్లాం. అంచు బయట, దారి పొడుగునా పొడుగు జొన్న. మంచెకు వెళ్ళే మనిషి జింకల కంట పడకూడదని.

జొన్న విత్తనాల సంచి తెచ్చింది చెల్లెలు కొరీన్. ఓ క్లెయిర్ పట్నంలో తపాలా బట్వాడా దాని ఉద్యోగం. సెలవు పెట్టి వచ్చింది.

"ఇదెంత ఎత్తు పెరుగుతుందక్కా?"

"పదడుగులు అని రాశాడు సంచి మీద."

"అయితే అన్నయ్య కూడా దాక్కోవచ్చు. ఆ పొట్టతో సహా."

లోవెల్ దాని మీద ఒక గుప్పెడు జొన్న విసిరాడు. గుప్పెడు దాని పక్కనుంచి పోయింది.

జూన్ 8

లోవెల్‌ను లా క్రాస్ తీసుకెళ్ళాను. పంటి డాక్టరని ఊళ్ళో చెప్పాం. కంటి డాక్టరు.

రెండు కళ్ళలోనూ నడిమి చూపు పోతోంది. చుట్టూ మిగులుతుంది. వెనక్కి రాదు.

కారులో తిరిగొస్తున్నాం. వెస్ట్‌బీ దాటాక అన్నాడు.

"నిన్ను చూస్తే మొహం ఉండదక్కా. చెవులుంటాయి."

"నయమే" అన్నాను.

"కొరీన్‌కి చెప్పకు. చెబితే ఆ పూటే వచ్చి కారు తాళం, తుపాకీ రెండూ పట్టుకుపోతుంది."

"కారు నేను తోలతాను."

"మరి తుపాకీ?"

నేను రోడ్డు చూశాను.

"ఈ ఒక్క నవంబరు. నీ మరదలు జనెల్ పోయాక నాకు సంవత్సరమంటే ఆ తొమ్మిది వేట రోజులే. పక్కచూపుతో చూడ్డం నేర్చుకుంటున్నా. ఆ డాక్టరు కూడా అలాగే చూడమన్నాడు కదా."

సరే అన్నాను. మాట ఇమ్మన్నాడు. ఇచ్చాను.

డాక్టరు తుపాకీ గురించి ఏమీ అనలేదు. మేము అడగలేదు.

జూన్ 9

ప్రార్థనలో మొదట లోవెల్ పేరు.

జూలై 16

కొరీన్ ఫోన్ చేసింది. అన్నయ్య ఎలా ఉన్నాడంది. బాగున్నాడన్నాను. బాగానే ఉన్నాడు. బఠాణీలు కోసి తెచ్చి ఇచ్చాడు. కళ్ళ సంగతి అది అడగలేదు.

ఆగస్టు 20

పొడుగు జొన్న నా తల మీదికి ఇంకో మూర ఉంది. దారిలో నడిచి చూశాను. ఇటు మడి కనబడదు, అటు ఆకాశం ఒక పీలికంత. వంచిన చెట్లు చిగురు వేసి, వాటి మధ్య ముళ్ళతీగ అల్లుకుంది. మనిషి దూరలేడు. కింద మూడు పడకలు కనిపించాయి, గడ్డి ఇంకా వెచ్చగా ఉంది.

నాన్న చూస్తే బాగుండేది.

సెప్టెంబరు 24

చర్చి కింద గదిలో కాఫీ దగ్గర లోవెల్ మా పొరుగు వెర్నన్ టోల్‌ఫ్సన్‌కు చేయి చాచాడు. వెర్నన్ అప్పటికే పక్కకు జరిగాడు. చేయి అక్కడే కాసేపు ఉండిపోయింది. నేను దాంట్లో కప్పు పెట్టాను.

అక్టోబరు 14

ఆకు రాలింది. ఇవాళ లోవెల్ మంచె ఎక్కి చూశాను, నిచ్చెన మెట్లు బిగిద్దామని.

పట్టె ఓక్‌కు లేదు. ఓక్‌కు పది అడుగులు కుడివైపున్న చెర్రీకి ఉంది. చక్కగా, చుట్టూ, రంగు కారకుండా వేశాడు. ఆ చెర్రీకి వెనక గట్టు లేదు. దారి ఉంది.

మార్చిలోనే. డాక్టరు దగ్గరికి వెళ్ళకముందే.

మంచె మీద చాలాసేపు కూర్చున్నాను. మెట్లు బిగించడం మరిచిపోయాను.

అక్టోబరు 15

చర్చి నుంచి వచ్చాక చెర్రీ పట్టె మీద పొయ్యికి వేసే నల్ల రంగు పూశాను. ఓక్‌కు తెల్ల రంగు రెండు పూతలు. ఇప్పుడు సరిగ్గా ఉంది. లోవెల్‌కు చెప్పలేదు. చెబితే తప్పు ఎత్తిచూపినట్టవుతుంది.

ఇప్పుడు సరిగ్గా ఉంది.

నవంబరు 4

తుపాకీ సరిచూసుకుంటానన్నాడు. వంద అడుగుల దూరంలో చెక్కపలకకు గురి కాగితం కొట్టాను. మూడు సార్లు పేల్చాడు, మెడ పక్కకు వంచి.

"ఎలా ఉన్నాయక్కా?" అక్కడి నుంచే అడిగాడు.

రెండు కాగితం కుడి అంచున. మూడోది కాగితం మీద లేదు.

"దగ్గర దగ్గరగానే ఉన్నాయి" అన్నాను.

ఆ రెండూ దగ్గరగానే ఉన్నాయి. ఇవాళ గాలి కూడా ఉంది.

నవంబరు 10

రోజూ అదే ప్రార్థన. వానికి ఏమీ ఎదురుపడకుండా చూడు ప్రభువా. వేటగాడికి అడగవలసిన వరమేనా ఇది.

నవంబరు 17

కొరీన్ నాలుగింటికి వచ్చింది. ఓవెన్‌లో బంగాళాదుంపలు, మాంసం. లెఫ్సా రొట్టెలు నిన్ననే కాల్చాను. ముగ్గురం కూర్చున్నాం. లోవెల్ ప్రార్థన చెప్పాడు.

మాంసం గిన్నె కోసం లోవెల్ చేయి చాచాడు, వేలు వెన్నలో దిగింది. కొరీన్ నవ్వింది.

"అన్నయ్య రేపటి గురించి కలలు కంటున్నాడు. తినేటప్పుడన్నా కళ్ళు తెరువు."

లోవెల్ వేలు నాకి, "ఉప్పు సరిపోయిందా లేదా చూస్తున్నా" అన్నాడు.

తిన్నాక గోడ మీది పలక దగ్గరికి వెళ్ళాం. నాన్న కొట్టిన మేకులు, మేకు మేకుకూ ఒక మంచె పేరు, పైన ఇల్లు. మా పేర్లు రాసిన బట్టల క్లిప్పులు నాన్న చేతిరాతే. మంచెకు వెళ్ళేవాడు తన క్లిప్పు ఆ మేకుకు పెట్టి వెళ్ళాలి. తిరిగొచ్చి ఇంటి మేకుకు మార్చాలి. ఇంటి మేకు మీద క్లిప్పు లేని మనిషి అడవిలో ఉన్నట్టు.

లోవెల్ తన క్లిప్పు తూర్పు మంచెకు పెట్టాడు. వేలితో తడిమి పెట్టాడు. కొరీన్ చూడలేదు.

అప్పుడు అది అంది.

"అక్కా, నువ్వా అంచును కోటలాగా కట్టావు. నేను ఇందాక వచ్చేటప్పుడు చూశాగా. లోపల పడుకున్నవి బయటికెందుకొస్తాయి? వాటికక్కడే అన్నీ ఉన్నాయి."

"ఆకలేస్తే వస్తాయి."

"తొమ్మిదింటికి నేను ఉత్తరం కొస నుంచి పొద వెనక దారెంట మెల్లగా నడిచొస్తా. చప్పుడు చెయ్యను. నా వాసనకి లేచి అన్నయ్య ముందుకు వాటంతటవే దిగుతాయి. ఏమంటావన్నయ్యా?"

లోవెల్ మొహం వెలిగింది. "మరీ తొందరగా రాకు. ఉత్తరాలు పంచినట్టు పరిగెత్తకు."

"నువ్వు పట్టెకి ఎడమవైపే కదా కాల్చేది?"

"నలభై ఏళ్ళుగా" అన్నాడు.

ఇద్దరూ నా వైపు చూశారు. ఏ మంచె ఎవరిదో చెప్పడం నాన్న పోయినప్పటి నుంచి నా పని. కాదనవలసింది నేనే. కాదంటే ఎందుకని అడుగుతుంది.

"నారింజ కోటు బొత్తాలన్నీ పెట్టుకో. టోపీ తీయకు" అన్నాను.

నా క్లిప్పు నా మంచెకు పెట్టలేదు. నాన్న బెంచీకి పెట్టాను. ఉత్తరం కొసన, దిబ్బ మీద, ఇంకో ఓక్ కింద ఉన్నది.

"అక్కడెవరూ కూర్చోరు కదక్కా, అన్నయ్యకు కుడివైపు" అంది కొరీన్.

"రేపు అక్కడైతే గాలి కుదురుతుంది" అన్నాను.

గాలి కోసమే.

నవంబరు 18, తెల్లవారుజాము

లోవెల్ కాఫీ తాగుతూ ఈల వేస్తున్నాడు. తడిమంచు పడుతోంది. ప్రభువా.

నవంబరు 18, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లారేసరికి మంచు ఆగింది. తూర్పు నుంచి కొట్టిన తడిమంచు ప్రతి చెట్టు మొదలుకూ, ఒక్క వైపే, అంటుకుని ఉంది. లోవెల్ చూసే వైపు. ఓక్‌కు తెల్లగా ఉంది. చెర్రీకి తెల్లగా ఉంది. అన్నింటికీ పట్టె వేసినట్టే ఉంది.

వెలుగు రాగానే నాకది కనిపించింది. అప్పుడే దిగి వెళ్ళాల్సింది. వేట మొదటి ఉదయం, ముందే అనుకుంటే తప్ప, ఎవరూ చోటు కదలరు, మాట్లాడరు. దగ్గు వస్తే చేతి తొడుగులో దగ్గుతాం. మా అమ్మ నాన్న పక్కన కూర్చుని, లోవెల్ కడుపులో ఉండగా నొప్పులు మొదలైనా పది కొట్టేదాకా మాట్లాడలేదని చెప్పుకుంటారు. నేను కదలలేదు. పట్టె వేసిన ఓక్ వంక చూస్తూ కూర్చున్నాను.

తొమ్మిదికి కొరీన్ నా దిబ్బ కింద నుంచి దారిలోకి దిగింది. చేయి ఊపింది. పది అడుగులు వేసేసరికి జొన్నలో కలిసిపోయింది. జొన్న కంకులు కదలడం తప్ప ఏమీ లేదు. ఎప్పుడో ఒకసారి నారింజ రంగు, వేలి గోరంత.

దుర్బిణి లోవెల్ మీద పెట్టాను. వాడు విన్నాడు. మెడ పక్కకు తిప్పాడు, మా కోడిపుంజు చూసినట్టు. తుపాకీ ఎత్తాడు. గొట్టం ఓక్ దగ్గర ఉంది. గట్టు ముందు. బాగానే ఉంది.

అక్కడ ఆగుతుందనుకున్నాను.

మెల్లగా కుడికి వచ్చింది. ఓక్ దాటింది. చెర్రీ దాటింది. జొన్న కదులుతున్న చోటికి వచ్చి ఆగింది. వాడి మెడ తుపాకీ మీదికి వంగింది.

లేచి నిలబడ్డాను. నాకంత గొంతు ఉందని తెలీదు.

"లోవెల్, దించు. నీకు కళ్ళు కనబడవు. అక్కడున్నది కొరీన్."

రెండుసార్లు అరిచాను. కొండ తిరిగి ఒకసారి అంది. కనబడవు అన్న మాట మటుకు స్పష్టంగా వచ్చింది. ఆ కొండ మీద వెర్నన్ మంచె.

పొదలోంచి నాలుగు జింకలు లేచి మడికి అడ్డంగా పరిగెత్తాయి, తోకలు తెల్లగా ఎత్తి. ఒకటి కొమ్ములది. ఎవరూ వాటి వంక చూడలేదు. లోవెల్ గొట్టం ఆకాశానికి తిప్పాడు. గుండు తీశాడు. తుపాకీని తాడుతో కిందికి దించాడు. తర్వాత వాడు దిగలేదు. అరగంట దిగలేదు.

వంటింట్లో ముగ్గురం. ఎవరూ కోటు తీయలేదు.

"కొమ్ములు కనిపించాయక్కా. ఎనిమిది కొనలు. లెక్కపెట్టాను" అన్నాడు లోవెల్.

"అవి మార్చిలో మనం వంచిన కొమ్మలు" అన్నాను.

కొరీన్ వాణ్ణి అడిగింది. "తుపాకీ సేఫ్టీ తీశావా?"

"తీశాను."

అది చాలాసేపు చేతి తొడుగు వేళ్ళు ఒక్కొక్కటీ లాగింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"జూన్."

"జూన్ నుంచి తెలుసు. రాత్రి ఇక్కడే కూర్చుని బొత్తాలు పెట్టుకోమన్నావు."

"అవును."

"గాలి కోసమన్నావు."

"అన్నాను."

"నువ్వు అబద్ధమాడవని నా పెళ్ళిలో కూడా అందరూ చెప్పారు నాకు. పెద్దక్కంటే అంత, పెద్దక్కంటే ఇంత. అన్నయ్య మీద కోపం లేదు నాకు. వాడికి కనబడక చేశాడు. నీకన్నీ కనబడ్డాయి."

సంచి సర్దుకుంది. పలక మీద నుంచి తన క్లిప్పు తీసి జేబులో వేసుకుంది. కారు మలుపు తిరిగేదాకా నేనూ లోవెల్ నిలబడే ఉన్నాం.

అప్పుడు లోవెల్ అన్నాడు. "మాటిచ్చావు. ఊరంతా వినేలా అరిచావు."

"ఇచ్చాను. అరిచాను."

నడిచి వెళ్ళిపోయాడు. వాడి ఇల్లు అరమైలు. రోడ్డు మధ్యలో నడిచాడు.

దేవుడే నన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టాడని రాయబోయి ఆగాను. అయిదు నెలలు ఆయనకు చెప్పాను. కొరీన్ ఫోను నంబరు ఫ్రిజ్ మీద ఉంది.

నవంబరు 19

చర్చికి ఒక్కదాన్నే. వెర్నన్ కాఫీ తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"నిన్న మావైపు ఒక్కటంటే ఒక్క జింక రాలేదు, ఆర్లిస్. నీ కేకకి మిన్నసోటా దాకా పోయుంటాయి."

నేను కాఫీలో చెంచా తిప్పాను.

"మా నాన్నక్కూడా చివర్లో కళ్ళు అలాగే అయ్యాయి. మేమూ చెప్పలేదు ఎవరికీ. మేము మాత్రం అదృష్టవంతులం, జింకనుకుని ఆవును కాల్చాడు, అంతటితో పోయింది" అన్నాడు. కప్పు తీసుకుని వెళ్ళాడు.

నవంబరు 20

కొరీన్‌కు ఫోన్ చేశాను. తీయలేదు.

నవంబరు 21

వరండాలో లోవెల్ తుపాకీ, పెట్టెలో. తలుపు తట్టలేదు. మంచులో అడుగులు వచ్చినవి ఉన్నాయి, వెళ్ళినవి ఉన్నాయి.

నవంబరు 22

కొరీన్‌కు ఉత్తరం రాశాను. జూన్ 8 నుంచి అన్నీ. గురి కాగితం మీద రెండే గుండు చిల్లులు ఉన్నాయన్నది కూడా. చెర్రీకి నలుపు పూసింది కూడా. తపాలా బిళ్ళ అంటించాక, కొరీన్ ఉత్తరం బట్వాడాకు దాని చేతికే వస్తుందేమో, సంచిలో మోసుకుని తిరగాలేమో అనుకున్నాను. అయినా వేశాను.

నవంబరు 23

కృతజ్ఞతల పండుగ. మూడు పళ్ళేలు పెట్టాను. పన్నెండింటికి లోవెల్ వచ్చాడు, క్రాన్‌బెర్రీ గిన్నె పట్టుకుని. గుమ్మంలో మంచు దులుపుకోవడం చాలాసేపు చేశాడు.

"టర్కీ ఎండిపోయినట్టు వాసనొస్తోంది" అన్నాడు.

"ఎండిపోయింది. కూర్చో."

తిన్నాం. మూడో పళ్ళెం తీయలేదు.

వెళ్ళేముందు అన్నాడు. "నువ్వు అరవకపోతే కాల్చేవాణ్ణక్కా. నాకు ఏ అనుమానమూ లేదు. అదే భయంగా ఉంది. ఏ అనుమానమూ లేదు."

భుజం మీద చేయి వేశాను. వాడు నా చెవి వంక చూశాడు. అంటే నా మొహం చూస్తున్నాడన్నమాట.

నవంబరు 25

ఏమీ లేదు. ప్రార్థన కుదరలేదు. గిన్నెలు తోమాను.

నవంబరు 26

చివరి రోజు. చర్చి నుంచి వచ్చేసరికి కొరీన్ కారు వాకిట్లో ఉంది. అది వంటింట్లో కూర్చుని నా ఉత్తరం బల్ల మీద పెట్టుకుని ఉంది. విప్పినది.

"చదివావా" అన్నాను.

"మూడుసార్లు. ఇంత పొడుగు నువ్వెప్పుడూ మాట్లాడలేదు" అంది. "రంపం ఎక్కడుంది?"

లోవెల్‌ను పిలిపించింది. ముగ్గురం అంచు దగ్గరికి వెళ్ళాం. అది చేత్తో చూపిస్తూ చెప్పింది. గట్టు ఉన్నంత మేరా పొద ఉండొచ్చు. గట్టు లేని చోట ఇవాళే తీసేయాలి. జొన్న అంతా పడగొట్టాలి. మంచె మీంచి దారి మీద నిలబడ్డ మనిషి బూట్లు కనబడాలి.

"ఇంత అందంగా పెంచావక్కా" అన్నాడు లోవెల్.

"గట్టు దగ్గర ఉంచుతున్నాం కదా" అన్నాను.

రంపం నేను పట్టాను. కొరీన్ జొన్న మోకాలితో విరిచి పడేసింది, కోపం అంతా దాని మీదే. లోవెల్ వంచిన చెట్ల కోతలు చేత్తో తడిమి చెప్పాడు. ఇది బతికింది, ఉంచండి. ఇది ఎండింది, తీసేయండి. ఒక్కటీ తప్పు చెప్పలేదు. మేపుల్ దగ్గరికి వచ్చినప్పుడు పడుకున్న కాండం మీద పాత పట్టె వాడి వేళ్ళకు తగిలింది. రంగు పొరలు పొరలుగా, నలభై ఏళ్ళవి.

"ఇది బతికే ఉంది" అన్నాడు.

మూడింటికి ఇటు నుంచి అటు కనిపించింది.

వంటింట్లో కొరీన్ జేబులోంచి క్లిప్పు తీసింది. ఇంటి మేకుకు పెట్టింది. "నేను రాను ఇవాళ. నాకు కోపం తగ్గలేదు, చెబుతున్నా. కాఫీ పెట్టుకుని ఇక్కడ కూర్చుంటా. గంటన్నర వెలుగుంది, మీరిద్దరూ పోండి" అంది.

నా క్లిప్పు నాన్న బెంచీకి పెట్టాను. లోవెల్ తన క్లిప్పు తీసి, మేకు కోసం తడమలేదు. నా క్లిప్పుకు పట్టించాడు.

తుపాకీ నా దగ్గర. వాడి చేతులు జేబుల్లో. దిబ్బ మీద ఓక్ కింద కూర్చున్నాం. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత వాడు నా మోచేయి ముట్టుకున్నాడు.

"గట్టు దగ్గర. రెండు" అన్నాడు, మెడ పక్కకు తిప్పి, ఊపిరంత గొంతుతో. "ముందుది చిన్నది."

నాకేమీ కనబడలేదు. కాసేపటికి పొద అంచున చెవి కదిలింది. తర్వాత ఇంకొకటి. ముందుది చిన్నదే.

తుపాకీ ఒళ్ళోనే ఉంచాను.

"ఏం చేస్తున్నాయి? చెప్పక్కా" అన్నాడు.

చెప్పాను. పిల్ల క్లోవర్‌లో ముక్కు పెట్టిందని. తల్లి పెట్టలేదని, మన దిబ్బ వంకే చూస్తోందని, ఎడమ చెవికి చిన్న చీలిక ఉందని. జొన్న పడిపోయిన చోట దారి మీద మంచు నీలంగా ఉందని. వంటింటి దీపం వెలిగిందని, కిటికీలో కొరీన్ నిలబడి ఉందని. వెలుగు పోయేదాకా చెబుతూనే ఉన్నాను.